మెట్ల మీద ఒకే మాట

మా తోడికోడలు గెలిచిన తగువుల్లో అన్నిటికన్నా పెద్దది నేను కళ్ళారా చూశాను. కుట్టుమిషను ముందు నుంచి ఎలా లేచానో అలాగే వీధిలోకి వచ్చి నిలబడ్డాను. వేళ్ళ మధ్య సూది అలాగే ఉంది.

ఎవరో పెద్ద అధికారి ఆ దారిన వెళ్తాడట. ఆయన కళ్ళకి స్తంభాల మీద వేలాడే ఇంటర్నెట్ వైర్లు కనబడకూడదట. అందుకని ఒక సూపర్‌వైజరు ఇద్దరు పనివాళ్ళనీ, ఒక నిచ్చెననీ, ఇంత పొడుగు కత్తెరనీ వెంటేసుకుని మా సందులో దిగాడు. నిచ్చెన తెచ్చి మా గోడకే ఆనించాడు. మా తోడికోడలు వైర్లక్క మేడ మీద ఏదో బిగిస్తోంది. పైనుంచి చూసింది, గబగబా దిగి వచ్చి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి నిలబడింది.

"ఎవరివమ్మా ఈ వైర్లు?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఈ లైను మా అందరిది."

"అందరిదీ అంటే కుదరదు. పేరు చెప్పు."

"చెబుతాను. కుర్చీ వేయిస్తా, కూర్చుని రాసుకోండి. పొద్దుగూకే లోపల సగం సందు అవుతుంది."

ఆయన మొహం మాడ్చుకుని ఇస్త్రీ బల్ల దగ్గరున్న పెద్దాయన్ని అడిగాడు. ఆ ముసలాయనకి ఒక చెవి పనిచేయదు, రెండోది బద్ధకంగా పనిచేస్తుంది. అయినా అన్నాడు, "ఈ లైను మా అందరిది" అని. వ్యాన్ డ్రైవర్ని అడిగాడు. అదే మాట. ఆ డ్రైవరు పెళ్ళానికీ వైర్లక్కకీ ఆ పొద్దునే కుళాయి దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునేంత పని అయింది. ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పి మరీ అదే మాట చెప్పింది. చివరికి ఆయన నా వైపు తిరిగి, "మీరు పెద్దవారు, మీరన్నా నిజం చెప్పండి" అన్నాడు.

"ఈ లైను మా అందరిది," అన్నాను. నాకు అంతటితో ఆగే అలవాటు లేదు కాబట్టి, "ఆ నిచ్చెన ఎవరిదో మాత్రం నాకు తెలీదు. గోడ సున్నం రాలుతోంది, తీయించండి" అని కూడా అన్నాను.

నిచ్చెన మీదున్న పనివాడు కిసుక్కున నవ్వాడు. కత్తిరించే ముందు ఎవరో ఒకరి పేర నోటీసు ఇవ్వాలట వాళ్ళ లెక్క ప్రకారం. పేరే దొరకలేదు. ఆ సూపర్‌వైజరు కాసేపు సందంతా ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు. తర్వాత నిచ్చెన ఎత్తించుకుని పక్క సందుకి పోయాడు. అక్కడ అడగ్గానే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. వాళ్ళ వైర్లన్నీ కోసుకుపోయాడు.

ఆ రోజు వైర్లక్క మొహం చూడాలి. అప్పుడు పట్టుకుంది దానికి ఈ పిచ్చి. అందరూ ఒకే మాట అంటే మనల్ని ఎవడూ ఏమీ చేయలేడని.

వైర్లక్క అని పిలిచేది సందు. నాకు మాత్రం అది తోడికోడలు, నా మరిది పెళ్ళాం, నాకన్నా బాగా చిన్నది. మా ఆయన బతికున్న రోజుల్లో అన్నదమ్ములిద్దరూ ఒక గోడకి అటూ ఇటూ కాపురం పెట్టారు, మేమిద్దరం ఒక కుళాయికి అటూ ఇటూ. వైర్లు లాగే పని మొదట మా మరిదిది. ఒక వాన రోజున మేడ అంచున కాలు జారి కిందపడ్డాడు. ప్రాణం దక్కింది, నడుం దక్కలేదు. అప్పటి నుంచి కిటికీ పక్కన మంచం మీదే ఆయన కొలువు. సందులో ఎవరింట్లో లైను ఆగినా ముందు ఆ కిటికీ దగ్గరికే వచ్చి అరుస్తారు.

ఆయన పడిన వారానికే ఇది ఆయన ప్యాంటు చీర కింద తొడుక్కుని నిచ్చెన ఎక్కింది. నేను కింద నిలబడి, "సిగ్గు లేదుటే నీకు?" అని కేకేశాను.

"ఉందక్కా. సిగ్గుని నిచ్చెన కింద పెట్టి ఎక్కాను. కాస్త చూస్తూ ఉండు, ఎవరన్నా ఎత్తుకుపోతారు."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే నెత్తికెక్కుతుందని లోపలికి వచ్చేశాను.

కిటికీ లోంచి మొగుడు చెబుతుంటే, స్తంభం మీద నుంచి పెళ్ళాం చేస్తూ, అలా నేర్చుకుంది పని. ఏ రంగు వైరు ఎందులోకి దూరాలి, మేడ మీద పెట్టిన లైను డబ్బాలో ఏ లైటు ఆరితే ఏ ఇంటికి పోవాలి, అన్నీ. మొదట్లో మగవాళ్ళు వైర్లక్కా వైర్లక్కా అని వెనక నుంచి వెక్కిరించేవాళ్ళు. తర్వాత అదే పిలుపు పట్టుకుని మా ఇంట్లో రావడం లేదు, ఒకసారి వచ్చి చూడు తల్లీ అని బతిమాలడం మొదలెట్టారు.

అసలు మా సందుకి ఈ లైను ఎలా వచ్చిందో చెప్పాలి. మాలో చాలామంది అద్దెవాళ్ళం. అద్దెకిచ్చినవాళ్ళు కాగితం ఇవ్వరు. కాగితం లేనివాళ్ళకి కంపెనీ లైను ఇవ్వదు. వైర్లక్కకి మాత్రం ఇల్లు సొంతం కాబట్టి ఒక పెద్ద లైను తన పేర తీసుకుంది. దాన్ని మేడ మీద డబ్బాలోకి దింపి అక్కడి నుంచి ఇంటింటికీ పంచింది. ఆడవాళ్ళం ఇళ్ళల్లో సంచులు కుడతాం. ఏ సంచి, ఏ కొలత, ఏ రంగు కాడ అన్నది ఫోనులో బొమ్మ వస్తుంది. కుట్టి, ఫోటో తీసి పంపితే తర్వాతి పని వస్తుంది. లైను లేకపోతే ఆ పని ఇంకో సందుకి పోతుంది. మా సందు పొయ్యిలన్నీ ఆ డబ్బా మీద లైట్లు వెలిగినంతసేపే వెలిగేవని అనుకోండి.

లైను దాని పేరనే ఉన్నా పెత్తనం మాత్రం చేసేది కాదు. వాళ్ళింటి పక్కన మేడ మీదకి వెళ్ళే బయటి మెట్లున్నాయి. ఏదన్నా తేల్చాలంటే సందునంతా అక్కడికి పిలిచేది. దానిదో పద్ధతి. ఒప్పుకున్నవాళ్ళు మెట్ల మీద కూర్చోవాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు నిలబడే ఉండాలి. ఒక్కరు నిలబడి ఉన్నా ఏదీ తేలినట్టు కాదు. అందరూ కూర్చున్నాక, తేలిన మాటని అందరూ ఒక్క గొంతుతో, ఒక్క అక్షరం తేడా లేకుండా పైకి అనాలి. అన్నాక ఇక వెనక్కి పోవడం లేదు.

మధ్యాహ్నం పూట సంచుల బొమ్మలు వచ్చే వేళ ఎవరూ సినిమాలు చూడకూడదని అలాగే తేల్చాం. వ్యాన్ డ్రైవరు ఒక పట్టాన కూర్చోలేదు.

"నా సెలవు రోజున నేను సినిమా చూడకూడదా?"

"శుభ్రంగా చూడు నాయనా. హాలుకి వెళ్ళి చూడు," అంది వైర్లక్క.

"హాల్లో నా పెళ్ళాం పక్కన కూర్చుంటుంది."

మెట్లన్నీ నవ్వాయి. చివరికి అతని సెలవు రోజు ఒక్కటీ వదిలేశాం, అతను కూర్చున్నాడు. ఇలా ఉండేవి మా సభలు. నాకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి అందరికన్నా ముందు కూర్చునేదాన్ని. దాన్ని వైర్లక్క నా మంచితనం అనుకునేది, పాపం.

తర్వాత ఒక పాపిష్టి పని జరిగింది. అది చెప్పకుండా ఈ కథ చెబితే నాది కూడా అబద్ధమే అవుతుంది.

పక్క సందులో ఒక పిల్ల ఉంది. బట్టల కొట్లో పనిచేస్తుంది, తలొంచుకుని వెళ్తుంది, తలొంచుకుని వస్తుంది. ఆ పిల్ల మొహాన్ని ఎవడో ఒక పాడు బొమ్మకి అతికించి, కింద నోటితో అనలేని రాతలు రాసి లోకం మీదకి వదిలాడు. ఆ పిల్ల పని మానేసి గదిలో పడుకుంది. పోలీసులు వెతికారు. ఏ లైను మీద నుంచి వచ్చిందో తేలింది. లైను ఎవరి పేర ఉందో కూడా తేలింది. ఒక పోలీసాయన వైర్లక్క గుమ్మంలోకి వచ్చాడు.

"లైను నీ పేరు మీద ఉంది. ఎవరు వాడారు?"

"ఈ లైను మా అందరిది సార్."

"అందరూ చేశారా ఈ పని?"

ఆయన సందులో నలుగుర్ని అడిగాడు. నిచ్చెన రోజున ఏం చెప్పారో అదే చెప్పారు. పళ్ళు నూరుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎవడు చేశాడో ఆ సాయంత్రానికే వైర్లక్కకి తెలిసింది. డబ్బాలో చూస్తే తెలుస్తుందట, చూసింది. ఒక మగమహారాజు. పెళ్ళాం ఉంది, పిల్లలున్నారు, మెట్ల మీద మా మధ్యే కూర్చుని అందరితో పాటు మాటలు అప్పజెప్పేవాడు. మర్నాడు వాడింటికి వెళ్ళే వైరు కోసేసింది. ఎలుకలు కొరికాయని అందరికీ చెప్పింది. అంతే. నోరు విప్పలేదు.

రెండు మూడు రోజులకి ఆ పిల్ల తల్లి వచ్చింది. నేను అరుగు మీద దారం చిక్కు తీసుకుంటున్నాను. ఆవిడ మెట్ల మొదట్లో నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు.

"పేరొక్కటి చెప్పమ్మా," అంది. "కేసు పెట్టను. కొట్టించను. ఆ మనిషి ఎదురొస్తే నా కూతుర్ని రోడ్డు అవతలికి తప్పిస్తాను. అందుకోసం చెప్పు."

వైర్లక్క చేతిలో వైరు ముక్కని తిప్పుతూ నిలబడింది. ఆ తల్లి చూసి చూసి, కొంగు భుజం మీద సర్దుకుని వెళ్ళిపోయింది.

నేను ఊరుకోలేకపోయాను. "అందరిదీ అంటే చివరికి ఎవరిదీ కాదన్నమాట," అన్నాను.

"పేరు చెబితే లైను మీదకి వస్తుందక్కా. ఒకడి కోసం అందరం మునగాలా?"

"ఆ ఒక్కడి కోసమేగా నువ్వు దాస్తున్నది!"

అది లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. మా మరిది కిటికీలోంచి నా వైపు చూసి, కళ్ళు దించుకున్నాడు. ఆయనకీ తెలుసు. నాకు మాత్రం పేరు చెప్పలేదు. నేను మొహాలు చూసి కనుక్కున్నాను. ముసలిదాన్ని, ఆ మాత్రం తెలియదా?

అదిగో, అలాంటి రోజుల్లో వచ్చింది ఆ కబురు. మా సందులో ఆసుపత్రి నర్సు ఒకమ్మాయి అద్దెకుంటుంది. చదువుకున్నది, నెమ్మదస్తురాలు. డ్యూటీ నుంచి వస్తూనే అందరినీ మెట్ల దగ్గరికి పిలిచి ఫోనులో చదివి వినిపించింది. ఇంటర్నెట్ లైన్ల మీద పెత్తనం చేసే పెద్ద ఆఫీసు ఒకటుందట. వాళ్ళో కొత్త రూలు తయారుచేశారట. ఇక మీదట ఒక లైనుని పదిమంది పంచుకోవాలంటే ఆ పదిమందీ తమ కాగితాలతో తమ పేర్లు రాయించుకోవాలి. ఎవరేం చేస్తే దానికి వాళ్ళే జవాబు చెప్పాలి. అలా రాయించని లైనుని కంపెనీ తీసేయాలి.

"ఇది ఇంకా ఖాయం కాలేదు," అంది నర్సు. "ముందు ప్రజలు తమ అభిప్రాయాలు చెప్పవచ్చట."

ఇస్త్రీ పెద్దాయన మంచి చెవి ముందుకి పెట్టి, "ప్రజలంటే మనం కూడానా?" అని అడిగాడు.

"మనమే తాతా."

"అలాగా! నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదే," అన్నాడు. కొందరు నవ్వారు, కొందరు నవ్వలేకపోయారు. కాగితాలు లేకే కదా మేం ఆ లైను కింద చేరింది. ఇప్పుడు కాగితాలు ఎక్కడి నుంచి తెస్తాం?

నర్సు ఒక మంచి మాట చెప్పింది. "ఎవరి కష్టం వాళ్ళు, ఎవరి మాటల్లో వాళ్ళు రాయండి. రాయడం రానివాళ్ళు చెబితే నేను రాసిపెడతాను. సంచులు కుట్టేవాళ్ళు సంచుల సంగతి, తాత తాత సంగతి."

వైర్లక్క తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. తలో మాట అంటే తలో పక్కకి లాగుతారు. పక్క సందు సంగతి చూశాంగా. అందరం ఒకటే పంపుదాం. 'ఈ లైను మా అందరిది. దీన్ని తీసేయకండి.' అంతే. ఇంతమంది నోట అదే మాట వస్తే ఎవడు కాదంటాడు?"

ఒక్కొక్కరే కూర్చున్నారు. నర్సు కూడా నిట్టూర్చి కూర్చుంది. నేను కూర్చోలేదు.

"ఏంటక్కా?" అంది.

"నాదో మాట ఉంది. లైను ఉండాలి, కాదనను. నా తిండి కూడా అందులోంచే వస్తోంది. కానీ ఎవరేం చేశారో అడిగితే చెప్పే దిక్కు కూడా ఉండాలి. కాగితం లేకపోతే లేకపోయె, సందులో మనమే ఒకరికొకరం పూచీ ఉందాం. ఎవడు తప్పు చేస్తే వాడి పేరు బయటపెడదాం. ఆ మాట కూడా రాయండి."

అందరూ గొల్లుమన్నారు. డ్రైవరు పెళ్ళాం, "మన కొంప మనమే తగలబెట్టుకోమంటుందేంటి ఈవిడ!" అంది. ఆ మగమహారాజు మూడో మెట్టు మీద కూర్చుని చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

వైర్లక్క దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు కాదక్కా. ముందు లైను నిలబడనీ. తర్వాత నువ్వేమంటే అది."

"తర్వాత నువ్వు నన్ను పిలుస్తావా?"

"మోకాళ్ళు నొప్పులు కదా, కూర్చో."

"నొప్పులు నావి. నీకెందుకు?"

చాలాసేపు అలాగే నిలబడ్డాను. ఎండ నెత్తిమీదకి వచ్చింది. ఇళ్ళల్లో పనులున్నవాళ్ళు కదులుతున్నారు. నేను నిలబడితే ఏదీ తేలదు, అది దాని పద్ధతే. అప్పుడు తను అందరి వైపూ తిరిగి ఒక మాట అంది. ఎప్పుడూ అనని మాట.

"అక్క కూర్చున్నట్టే అనుకుందాం."

నేను అక్కడే ఉన్నాను, నిటారుగా. అందరి కళ్ళ ముందూ నన్ను కూర్చున్నట్టు అనుకున్నారు. ఒక్క గొంతుతో ఆ మాట పైకి అన్నారు. నేను చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేశాను.

వాళ్ళు అక్కడే, ఆ మెట్ల మీదే, ఆ లైను మీదే, ఒకరి తర్వాత ఒకరు ఆ వాక్యాన్ని పంపారు. రాయడం వచ్చినవాళ్ళు రాయలేనివాళ్ళ ఫోన్లు తీసుకుని పంపారు. ఇస్త్రీ పెద్దాయన తన ఫోను రెండు చేతుల్తో పట్టుకుని, వెళ్ళిందా, వెళ్ళిందా అని అడుగుతూనే ఉన్నాడట. ఊళ్ళో ఉన్న సందువాళ్ళంతా పంపారు, నేను తప్ప. నన్ను అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. కుళాయి దగ్గర బిందెల చప్పుడే. తను ముందొస్తే నేను తర్వాత వెళ్ళేదాన్ని, నేను ముందొస్తే తను గుమ్మంలో నిలబడి జడ వేసుకున్నట్టు నటించేది.

ఆఫీసువాళ్ళు తమకి వచ్చిన అభిప్రాయాలన్నీ కలిపి పైకి పెట్టినప్పుడు నర్సు వెతికింది. వెతికి వెతికి, కిటికీ దగ్గరికి వచ్చి చల్లగా చెప్పిందట. మా సందు మాట ఒక్కసారే ఉంది. దాని కింద, ఒకే చోటి నుంచి ఒకే పాఠంతో వచ్చినవాటిని ఒకటిగా పరిగణించామని ఉంది.

"పొరపాటయి ఉంటుంది," అంది వైర్లక్క. ఉతికిన చీర కట్టుకుని ఆ ఆఫీసుకి బయల్దేరింది. అక్కడ జరిగింది తర్వాత తనే చెప్పింది. దాచకుండా చెప్పింది, అది ఒప్పుకోవాలి.

చల్లగా, చప్పుడు లేకుండా ఉందట లోపల. గోడ పొడుగునా కుర్చీలు. పిలిచేదాకా కూర్చుంది. గదిలో ఒక అధికారిణి, కళ్ళజోడు పెట్టుకున్నావిడ. మర్యాదస్తురాలు. మంచినీళ్ళు ఇప్పించింది. కసురుకుని ఉంటే బాగుండేదక్కా, నాకు బలం వచ్చేది అంది మా తోడికోడలు.

"మేం ఒక్కళ్ళం కాదమ్మా. సందంతా పంపాం," అని చెప్పింది ఆవిడతో.

"మాకెలా తెలుస్తుందమ్మా? అన్నీ ఒకే లైను నుంచి వచ్చాయి, వరసగా వచ్చాయి, ఒక్క అక్షరం తేడా లేదు. ఒకరే కూర్చుని పంపినట్టుంది. అలా యంత్రాలతో వేలకి వేలు పంపేవాళ్ళు కూడా ఉంటారు."

"మేం కావాలనే ఒకేలా పంపామమ్మా. ఒకే మాట మీద ఉన్నామని తెలియాలని."

"ఒకే మాట మీద ఉన్నారని కాదమ్మా, మనిషి ఒక్కరే ఉన్నారని తెలిసింది మాకు."

"అయితే మళ్ళీ పంపుతాం. ఎవరిది వాళ్ళం," అంది తను.

"గడువు అయిపోయింది. ఇక మిగిలింది బహిరంగ విచారణ. అందరి ముందూ నోటితో చెప్పాలి. కానీ ఇంతకు ముందు అభిప్రాయం పంపినవాళ్ళకి అక్కడ మళ్ళీ అవకాశం లేదు. మీ చోటి నుంచి పంపనివాళ్ళు ఎవరన్నా ఉంటే రావచ్చు. ఉన్నారా ఎవరన్నా?"

"ఒకరున్నారు."

"మంచిది. ఆవిడని రమ్మనండి."

"ఆవిడ వస్తే మా మాట అనదమ్మా. తన మాట అంటుంది. మాకు తేడాగా."

"మాకు కావలసింది అదేనమ్మా," అంది ఆ అధికారిణి. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కానీ ఒకరు చెప్పినంత మాత్రాన రూలు మారుతుందని నేను మాటివ్వలేను. చెప్పినదాన్ని బట్టి ఇంకా గట్టిపడినా పడొచ్చు. అది కూడా తెలుసుకుని రండి" అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. దారి పొడుగునా స్తంభాలూ, వాటి మీద వైర్లూ చూసుకుంటూ. ఎక్కడ వదులుగా ఉందో, ఎక్కడ ముడి సరిగ్గా వేయలేదో కళ్ళకి అవే కనబడుతున్నాయట. దిగాల్సిన చోట దిగకుండా ముందుకి పోయి వెనక్కి నడిచింది.

కిటికీలోంచి మా మరిది, "ఏమన్నారు?" అని అడిగాడు.

"మనమంతా కలిసి ఒక్క మనిషేనట."

"ఇంకేం దారి లేదా?"

"ఉంది. అక్క."

ఆయన పడుకున్నవాడల్లా తలెత్తాడు. "మా వదినా! నోరు విప్పితే సూపర్‌వైజరుకే నిచ్చెన దింపించిన మనిషి. లైను ఉంచుతుందా, ఊడగొడుతుందా?"

"ఏమో," అంది తను. మంచం పట్టె మీద కూర్చుంది. "అక్క అక్కడ చెప్పేది ఆ పిల్ల సంగతి. అది వింటే ఆఫీసువాళ్ళు, 'చూశారా, ఇందుకే పేర్లు కావాలంటున్నాం' అంటారు. వినకపోతే మనం ఒక్క మనిషిగానే మిగిలిపోతాం. ఎటు చూసినా గొయ్యే."

"వాడి పేరు ఆ రోజే చెప్పి ఉండాల్సింది," అన్నాడు ఆయన. ఇన్నాళ్ళకి అన్నాడు.

"ఇప్పుడు చెబుతున్నావా?"

"నడుం పోయినవాడు ఏం చెబితే ఎవరు వింటారు?"

"నేను వినేదాన్ని," అంది. అని, లేచి మా ఇంటికి వచ్చింది.

నేను సంచులకి కాడలు కుడుతున్నాను. గుమ్మంలో నీడ పడింది. నీడని చూసే ఎవరో తెలిసింది. మిషను ఆపలేదు.

"అక్కా."

తను లోపలికి వచ్చి నేల మీద, గుడ్డ ముక్కల మధ్య కూర్చుంది. నేను తొక్కుతూనే ఉన్నాను. మిషను చప్పుడు మీదుగానే అంతా చెప్పడం మొదలెట్టింది. బస్సూ, చల్లటి గదీ, మంచినీళ్ళూ. ఒక్కమనిషి అన్న దగ్గరికి వచ్చేసరికి నా కాలు దానంతట అదే ఆగింది.

"ఎంతమంది పంపారు?" అన్నాను. ఇన్నాళ్ళ తర్వాత దానితో నేనన్న మొదటి మాట.

"సందంతా."

"ఇస్త్రీ ముసలాయన కూడానా?"

"ఆయనే అందరికన్నా ముందు."

"పాపం, తను కూడా ప్రజల్లో ఉన్నానని మురిసిపోయాడు," అన్నాను. ఎత్తిపొడుద్దామనే అన్నాను. కానీ గొంతు అలా రాలేదు.

తను తల వంచుకుని గుడ్డ ముక్కల్ని రంగులవారీగా కుప్పలు చేస్తోంది. చేతులు ఊరికే ఉండవు దానికి.

"నేను వెళ్తే ఏం చెబుతానో తెలుసుగా?"

"తెలుసు."

"నీకు వంత పాడను."

"పాడొద్దు."

"పాడొద్దని ఇప్పుడంటున్నావు. రేపు లైను పోతే, డ్రైవరు పెళ్ళాం దగ్గర నుంచి అందరూ ఈ ముసలిదే ఊడగొట్టిందని నా గుమ్మం ముందు దుమ్మెత్తి పోస్తారు. ఈ కాడలు కుట్టే పని కూడా ఉండదు నాకు."

"తెలుసక్కా. నన్ను కూడా పోస్తారు."

"మరి?"

బయట ఎవరో కిటికీ దగ్గర మా మరిదిని లైను రావడం లేదని అడుగుతున్నారు. ఆయన ఏ లైటు వెలుగుతోందో చూడమంటున్నాడు. తను ఒక చెవి అటు వేసింది, లేవబోయింది. మళ్ళీ కూర్చుంది.

"నర్సు సెలవు పెట్టి నిన్ను తీసుకెళ్తానంది. నేను రాను. నేనుంటే నువ్వు నా మొహం చూస్తావు, చూస్తే ఎక్కడో తగ్గుతావు," అంది. "నువ్వు వెళ్ళి, ఆ రోజు నేను అననివ్వని మాట అను. లైను ఉండాలని అను, దాంతో ఆపకు. ఆ తల్లి వచ్చి మన మెట్ల దగ్గర నిలబడిందని చెప్పు. పేరు తెలిసి కూడా దాచింది ఎవరని అడుగుతారు. నా పేరు పెట్టి చెప్పక్కా."